దాంపత్యంలో బాధ: పురుషులు దాచుకోరాని విషయం

కలయిక సమయంలో నొప్పి స్త్రీలకే కలుగుతుందని చాలామంది భావిస్తారు. పురుషులకూ కలుగుతుంది. అయితే వారు సిగ్గుచేత చెప్పుకోక, భార్యకు దూరంగా మసలుతారు. ఆమె దానిని అయిష్టతగా పొరబడుతుంది. ఆ విధంగా శరీరబాధ కాస్తా సంసారబాధగా పరిణమిస్తుంది.

ఈ నొప్పికి కారణాలు తరచుగా శారీరకమైనవే. అంగం ముందు చర్మం బిగుసుకొని వెనుకకు రాకపోవడం ఒకటి. నడివయస్సులో ఆ చర్మం కొత్తగా ఎర్రబారి పగుళ్లు తీస్తూంటే రక్తంలో చక్కెరను పరీక్షించుకోవాలి. మధుమేహం తొలిసారి ఇలా బయటపడడం కద్దు. స్ఖలన సమయంలో నొప్పి, మూత్రంలో మంట ఉంటే ప్రోస్టేటు గ్రంథి వాపు కావచ్చు. అంగంలో గట్టి పొర ఏర్పడి వంపు తిరిగితే అది పెరోనీ వ్యాధి. ఫ్రెంచి శస్త్రవైద్యుడు లా పెరోనీ 1743లోనే దానిని వర్ణించాడు.

కారణాన్ని బట్టి పూతమందు, మాత్రలు, అవసరమైతే శస్త్రచికిత్స ఉన్నాయి. సొంతవైద్యం తగదు. వెనుకకు జరిగిన చర్మం తిరిగి ముందుకు రాక వాచినా, స్తంభన 4 గంటలు దాటినా తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి.

పంటినొప్పికి చీటీ వ్రాయించుకొనే మనం దీనికి జంకనేల? ముందు భార్యకు, ఆపై వైద్యునికి చెప్పండి. సగం బాధ అక్కడే తీరుతుంది.