కుళాయి కారితే ఖర్చెవరిది?
మరమ్మతుల భారం ఎవరు మోయాలో చట్టం చెబుతూనే ఉంది. అద్దె ఒప్పందాలే ఆ ఊసెత్తవు

ప్లంబర్ వచ్చి చూసి వెళ్లడానికి పట్టేది పావుగంటే. ఆ కూలి ఎవరిచ్చుకోవాలన్న వాదన మాత్రం నెలల తరబడి సాగుతుంది. 'వాడుకుంటున్నది మీరే కదా' అంటారు ఇంటి యజమాని. 'ఇల్లు మీదే కదా' అంటారు అద్దెకున్నవారు. హైదరాబాద్‌లోనైనా చెన్నైలోనైనా చాలా సందర్భాల్లో ఈ వాదన తేలేది ఇల్లు ఖాళీ చేసే రోజునే. అదీ అడ్వాన్సులో కోతతో.

నిజానికి ఈ తగాదా తీర్చడానికి ఒక జాబితా ఉంది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఒప్పందంలో మరోలా రాసుకోని పక్షంలో ఎవరి పనులేమిటో విడదీసింది. నిర్మాణపరమైన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకు, కిటికీలకు రంగులు, అవసరమైనప్పుడు పైపులు, కరెంటు వైరింగు మార్చడం యజమాని వంతు. కుళాయిలు, వాషర్లు, గీజరు, వాష్‌బేసిన్, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, డ్రైనేజీ శుభ్రత అద్దెదారు వంతు. అంటే గోడలోని పాత పైపు పాడైతే యజమాని, కుళాయి నుంచి చుక్కలు పడితే అద్దెదారు జేబులో చేయి పెట్టాలి.

బాధ్యత తప్పించుకుంటే ఏమిటన్నదీ అందులోనే ఉంది. యజమాని చేయించకపోతే అద్దెదారే చేయించి, ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఏ నెలలోనూ ఆ కోత సగం అద్దెను మించకూడదు. అద్దెదారు చేయించకపోతే యజమాని ఆ మొత్తాన్ని అడ్వాన్సులో పట్టుకోవచ్చు. ఇల్లు నివాసయోగ్యం కాని స్థితికి చేరినా, రాతపూర్వకంగా అడిగాక కూడా యజమాని కదలకపోతే 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయవచ్చు.

చిక్కల్లా ఇది నమూనా మాత్రమే కావడం. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. ఉత్తరప్రదేశ్, అసోం 2021లో ఈ బాటలో కొత్త చట్టాలు తెచ్చాయి. తమిళనాడు అంతకుముందే, 2017లో, సొంత చట్టం చేసుకుంది. మరోవైపు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ కూడా, నోటీసిచ్చిన తర్వాత తగిన వ్యవధిలో యజమాని స్పందించకపోతే మరమ్మతు చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకునే హక్కునిచ్చింది. కానీ యజమాని తప్పక చేయించాల్సిన పనులేమిటో అది జాబితాగా చెప్పదు. అద్దెదారు వల్ల జరిగిన నష్టాన్ని అద్దెదారే సరిచేయాలని, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మాత్రం బాధ్యుడు కాడని చెబుతుంది.

ఈ హక్కులను వాడుకునేవారు తక్కువే. కోర్టు ఖర్చు పైపు ఖర్చును మించుతుంది. ఎదురు మాట్లాడితే ఖాళీ చేయమంటారన్న భయం మరొకటి. పైగా 11 నెలల ఒప్పంద పత్రాల్లో చాలావరకు పాత నకళ్లే. 'ఇంటిని మంచి స్థితిలో ఉంచవలెను' అన్న ఒక్క వాక్యంతో సరిపెడతాయి.

అందుకే జాగ్రత్త పడాల్సింది సంతకానికి ముందే. ఎంత మొత్తం వరకు మరమ్మతులు అద్దెదారువో, అది దాటితే ఎవరివో అంకెల్లో రాసుకోవాలి. చేరిన రోజునే గోడల చెమ్మ, కుళాయిలు, స్విచ్‌లను ఫోటోలు తీసి యజమానికి పంపాలి. లోపం బయటపడితే మెకానిక్‌ను పిలవడానికి ముందే మెసేజ్ పెట్టాలి. లోపానికి కారణమేమిటో బిల్లుపై అతనితోనే రాయించుకోవాలి. అడ్వాన్సు తిరిగి తీసుకునే రోజున ఆధారాలుగా పనికొచ్చేవి ఆ కాగితాలే.