పంటి సిమెంటు

పిల్లలూ! విరిగిన పంటికి వైద్యుడు తొడుగు వేయడం చూశారా? దాన్ని అతికించే సిమెంటుల్లో, వంద సంవత్సరాలకు పైగా వాడుకలో ఉన్నది జింకు ఫాస్ఫేటు. తెల్లని జింకు ఆక్సైడు పొడిని భాస్వరికామ్లంలో కలిపితే అది తయారవుతుంది.

కలపడంలోనే ఉంది కిటుకంతా! అవి రెండూ కలిసేటప్పుడు వేడి పుడుతుంది; ఆ వేడికి సిమెంటు మరీ త్వరగా బిగుసుకుంటుంది. మా బడిపిల్లల్లాగా తొందరపడి పొడినంతా ఒక్కసారే గుమ్మరిస్తే, పంటిదాకా చేరకముందే రాయి అయి కూర్చుంటుంది. అందుకే చల్లని గాజుపలకమీద, కొంచెం కొంచెంగా పొడి వేస్తూ, పలకంతా పరిచి కలుపుతారు. వేడిని గాజు లాగేసుకుంటుంది.

మరి ఆమ్లం పంటిని బాధించదా? మొదట్లో కొంచెం సలపవచ్చు. పొడి ఆమ్లాన్ని మింగేస్తున్న కొద్దీ పులుపు తగ్గి, ఒకటి రెండు రోజుల్లో దాదాపు పోతుంది.

నీటిని ఇముడ్చుకున్న జింకు ఫాస్ఫేటు భూమిలో కూడా దొరుకుతుంది. ఆ ఖనిజం పేరు హోపైటు. ఎడింబరోలో రసాయనశాస్త్రం బోధించిన థామస్ చార్లెస్ హోప్ పేరే దానికి పెట్టారు.