రాయుడు-ఎమ్మెస్కే, విహారి-పృథ్వీరాజ్.. టీమ్‌మేట్స్ మధ్య గొడవైతే ఫ్యాన్స్ ఎవరి వైపు? ఎందుకు?

ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. ఒకే జెర్సీ వేసుకున్నారు. కానీ ఏళ్లు గడిచాక ఒకరి పేరు ఒకరి దగ్గర ఎత్తితే చాలు.. ముఖం మారిపోతుంది. క్రికెట్‌లో ఇలాంటి కథలు చాలానే ఉన్నాయి. మన తెలుగు క్రికెట్‌లో అయితే ఇంకాస్త ఎక్కువే. ఒక ట్వీట్, ఒక ఇన్‌స్టా పోస్ట్, రెండు నిమిషాల ఇంటర్వ్యూ క్లిప్ బయటికొస్తే గంటలో ఫ్యాన్స్ తీర్పు చెప్పేస్తారు. ఇంతకీ ఆ తీర్పు దేన్ని చూసి ఇస్తున్నారు? అసలు ఈ గొడవలు ఎందుకు చల్లారవు?

14 ఏళ్ల తర్వాత మళ్లీ ఎదురుపడ్డారు

అంబటి రాయుడు గుంటూరు కుర్రాడు. ఆడింది మాత్రం హైదరాబాద్‌కి. 2002 నవంబర్‌లో ఆంధ్రాపై ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టి దేశం మొత్తాన్ని తన వైపు తిప్పుకున్నాడు. 2004 అండర్-19 వరల్డ్ కప్‌లో ఇండియా కెప్టెన్ అతనే. 2005-06 సీజన్ వచ్చేసరికి హైదరాబాద్ క్రికెట్ పెద్దలతో పడక ఆంధ్రా జట్టులోకి వెళ్లాడు. ఆ సీజన్‌లోనే అనంతపురంలో జరిగిన మ్యాచ్‌లో తన పాత టీమ్‌మేట్, హైదరాబాద్ ఆటగాడు అర్జున్ యాదవ్‌తో ఘర్షణ జరిగింది. అది అప్పట్లో పెద్ద వార్త. మరుసటి సీజన్‌కే రాయుడు తిరిగి హైదరాబాద్ వచ్చేశాడు.

ఆంధ్రాలో ఉన్న ఆ ఒక్క సీజన్‌లో రాయుడికి సీనియర్ టీమ్‌మేట్ ఎమ్మెస్కే ప్రసాద్. ఆయనదీ గుంటూరే. ఇండియాకు 6 టెస్టులు, 17 వన్డేలు ఆడిన వికెట్ కీపర్.

కట్ చేస్తే.. 2019 ఏప్రిల్ 15. వరల్డ్ కప్ జట్టు ప్రకటించారు. చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే. నాలుగో నంబర్‌లో ఆడతాడనుకున్న రాయుడికి చోటు దక్కలేదు. విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్.. మూడు కోణాల్లో పనికొస్తాడన్నది ఎమ్మెస్కే చెప్పిన కారణం. మర్నాడే రాయుడు 3డీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానంటూ ట్వీట్ పెట్టాడు. అంతే, సోషల్ మీడియా ఊగిపోయింది. స్టాండ్‌బైలో ఉన్నా పిలుపు రాలేదు. విజయ్ శంకర్ గాయపడితే మయాంక్ అగర్వాల్‌ను పంపారు. జులై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆగస్టులో దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

2023లో ఐపీఎల్‌కు గుడ్‌బై చెప్పాక రాయుడు పాత ముచ్చట బయటపెట్టాడు. సెలక్షన్ ప్యానెల్‌లోని కొందరితో చిన్నప్పుడు ఆడానని, నాటి విభేదాలు పనిచేసి ఉండొచ్చని అన్నాడు. ఎమ్మెస్కే కూడా బదులిచ్చాడు. కమిటీలో ఐదుగురు సెలక్టర్లుంటారు, కెప్టెన్ కూడా కూర్చుంటాడు, ఒక్కడి మాట ఎలా చెల్లుతుందన్నది ఆయన వాదన.

ఫ్యాన్స్ లెక్క ఏంటి?

ఫ్యాన్స్ చాలామంది రాయుడి వైపే నిలిచారు. వాళ్లు చూసిన లెక్క సింపుల్. రాయుడు 55 వన్డేల్లో 47 సగటుతో 1694 పరుగులు చేశాడు. సెలక్టర్లు ఐదుగురూ కలిపి ఆడిన టెస్టులు 13. "వీళ్లా మావాడిని తీసేది?" అన్నది జనం ప్రశ్న.

ఆ కోపంలో న్యాయం లేదని కాదు. నాలుగో నంబర్‌కు సిద్ధం చేసి, చివరి నిమిషంలో పక్కన పెడితే ఎవరికైనా మండుతుంది. కానీ ఒక్క విషయం ఆలోచించండి. సెలక్టర్ ఎన్ని టెస్టులు ఆడాడన్నది వేరు, పాత కక్ష పెట్టుకున్నాడా లేదా అన్నది వేరు. మొదటిదానికి లెక్కలున్నాయి. రెండోదానికి సాక్ష్యం లేదు, అనుమానం ఒక్కటే ఉంది. మనం మాత్రం మొదటిది చూపించి రెండోది రుజువైనట్టే మాట్లాడుకున్నాం.

సిడ్నీ హీరో వర్సెస్ 17వ ఆటగాడు

ఇదే సీన్ 2024 ఫిబ్రవరి 26న ఇంకా ఘాటుగా రిపీట్ అయింది. రంజీ క్వార్టర్ ఫైనల్‌లో మధ్యప్రదేశ్ చేతిలో ఆంధ్రా కేవలం 4 పరుగుల తేడాతో ఓడింది. ఆ వెంటనే హనుమ విహారి ఇన్‌స్టాలో పోస్ట్ పెట్టాడు. బెంగాల్‌తో మ్యాచ్‌లో తాను 17వ ఆటగాడిపై అరిచానని, అతని తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో అసోసియేషన్ తనను కెప్టెన్సీ నుంచి తప్పుకోమందని, ఆంధ్రాకు ఇక ఆడనని చెప్పాడు. జనవరిలో కెప్టెన్సీ వదిలినప్పుడు మాత్రం కారణాలు వేరేగా వినిపించాయి.

ఆ ఆటగాడిని నేనేనంటూ కేఎన్ పృథ్వీరాజ్ ముందుకొచ్చాడు. మీరు విన్నది అబద్ధమని, బూతులు తిట్టడం ఎక్కడా ఒప్పుకునేది కాదని రాశాడు. విహారి టీమ్ సభ్యుల సంతకాలున్న లేఖ బయటపెట్టాడు. ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ మాత్రం విహారి భాషపైనే ఫిర్యాదులున్నాయంది.

జనం తీర్పు మాత్రం అప్పటికే అయిపోయింది. ఎందుకంటే విహారి అంటే గుర్తొచ్చేది 2021 సిడ్నీ టెస్టు. తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. 2023లో చెయ్యి విరిగినా ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆ వీడియోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. పృథ్వీరాజ్‌కు అలాంటి క్లిప్ ఒక్కటీ లేదు.

దీనికి ఎన్నికల వేడి తోడైంది. చంద్రబాబు, షర్మిల వంటి నేతలు విహారికి మద్దతుగా మాట్లాడారు. దాంతో గొడవ పార్టీల మధ్యకు వెళ్లింది. ప్రభుత్వం మారాక 2024 జూన్‌లో విహారి నారా లోకేశ్‌ను కలిసి, ఆంధ్రాకే ఆడతానన్నాడు. 2025లో త్రిపురకు వెళ్లిపోయాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆరోజు ఎవరు ఏమన్నారో మాత్రం జనానికి నేటికీ తేలలేదు.

ఎందుకు చల్లారవు?

ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. 1999లో వెస్టిండీస్‌తో యాంటిగ్వా టెస్టులో స్టీవ్ వా తనను పక్కన పెట్టడాన్ని షేన్ వార్న్ చివరిదాకా మర్చిపోలేదు. 2008లో శ్రీశాంత్‌ను హర్భజన్ కొట్టిన గొడవలో ఇద్దరూ ఎప్పుడో కలిసిపోయారు. అయినా 2025 ఆగస్టులో లలిత్ మోదీ ఆ వీడియో బయటపెట్టగానే 17 ఏళ్ల గాయం మళ్లీ రేగింది. కొత్త వ్యూస్ వచ్చాయి, మళ్లీ కొత్తగా తిట్లు మొదలయ్యాయి.

కానీ మన దగ్గర ఇంకో కారణం ఉంది. ఇక్కడ క్రికెట్ ప్రపంచం చాలా చిన్నది. ఇవాళ్టి టీమ్‌మేటే రేపటి సెలక్టర్, ఎల్లుండి అసోసియేషన్ పెద్ద. 2019లో హెచ్‌సీఏ అధ్యక్షుడైన అజారుద్దీన్ కూడా ఒకప్పటి హైదరాబాద్ ఆటగాడే. అదే ఏడాది నవంబర్‌లో హెచ్‌సీఏలో అవినీతి ఉందంటూ రాయుడు కేటీఆర్‌కు ట్వీట్ చేశాడు. అంటే పడనివాళ్లు దూరంగా పోయే దారి లేదు. ఎక్కడికెళ్లినా మళ్లీ ఆ ముఖాలే.

భద్రాచలం కుర్రాళ్లకు దీంతో ఏం పని?

చాలా ఉంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఏపీకి వెళ్లాయి. ఇప్పుడు టౌన్ దాటి ఎటపాక వైపు నాలుగడుగులు వేస్తే రాష్ట్రం మారుతుంది. ఇటు హెచ్‌సీఏ, అటు ఏసీఏ. అడవి అంచున బ్యాట్ పట్టిన పిల్లాడికి పైకి వెళ్లే తలుపు ఈ రెంటిలో ఒక్కటే.

ఆ తలుపు దాటితే ఏం సాధించవచ్చో భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష చూపించింది. 2025 అండర్-19 మహిళల వరల్డ్ కప్‌లో 309 పరుగులు చేసి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయింది. కూతురి ఆట కోసం ఆ కుటుంబం హైదరాబాద్‌కే మారిపోయింది. అన్నీ వదులుకుని వచ్చిన ఇలాంటి ఇంటి బిడ్డకు రేపు కెప్టెన్‌తోనో సెలక్టర్‌తోనో పడకపోతే? చెప్పుకోవడానికి సిడ్నీ ఇన్నింగ్స్ ఉండదు, వెనక ఫ్యాన్స్ ఉండరు. నిష్పక్షపాతంగా వినే ఓ విచారణ కమిటీ, రాతపూర్వక నిర్ణయం.. దిక్కు అవే.

కాబట్టి ఈసారి ఇలాంటి క్లిప్ మీ ఫోన్‌లోకి వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. రెండో వ్యక్తి ఏమన్నాడు? విచారణ జరిగిందా? ఆ రిపోర్ట్ బయట పెట్టారా? మీ అభిమాన ఆటగాడికే సపోర్ట్ చేయండి, తప్పులేదు. కానీ తీర్పు చెప్పే ముందు ఆ రిపోర్ట్ అడగండి. పేరులేని 17వ ఆటగాడికైనా, పేరున్న కెప్టెన్‌కైనా రేపు న్యాయం చేసేది అదే.