మోయుట వేఱు, నిలుచుట వేఱు

పల్లెటూరి వంటపొయ్యికి రాళ్ళు మూడే. నాలుగవ రాయి పెట్టినచో కుండకు ఆనుడు పెరుగునని తోచును గాని, అనుభవము దానికి విరుద్ధము. నాలుగింటిలో ఒకటి రవంత పొట్టిదైనను కుండ ఆ ప్రక్కకు ఒరిగి ఊగులాడును. నాలుగు కాళ్ళ బల్లయు అంతే. మట్టినేలపై దాని కాలొకటి గాలిలో లేచి, అడుగున పెంకుముక్కనో మడిచిన కాగితమునో కోరును. ముక్కాలిపీట మాత్రము ఎంతటి మిట్టపల్లముల నేలపైనను ఊగదు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువులు ఒకే ఒక సమతలమును నిర్ణయించునని రేఖాగణితము చెప్పు సత్యమును మన వంటయిల్లు ఏనాడో ఎఱిగియున్నది.

కెమెరాను నిలుపు సాధనమునకు కాళ్ళు మూడగుటకును కారణమిదియే. ట్రైపాడ్ అని అంగళ్ళలో అమ్ము ఆ సాధనమును మనము ముక్కాలి యందము. కొండలను, ఏళ్ళను, సంధ్యారాగమును, నక్షత్రములను చిత్రించగోరు విద్యార్థులును, వారిని ప్రోత్సహించు ఉపాధ్యాయులును నేడు అనేకులు. వారిలో చాలమంది ఉన్న ధనమెల్ల కెమెరాకును కటకమునకును వెచ్చించి, మిగిలిన చిల్లరతో ముక్కాలిని కొందురు. పెట్టెపై ‘ఇన్ని కిలోల బరువు మోయును’ అని అచ్చువేసిన అంకెను చూచి తృప్తిపడుదురు. కాని మోయుట వేఱు, నిలుచుట వేఱు. ఊయల మనిషిని మోయును. అయినను అది నిలుకడకు ఆటపట్టు కాదు. పైగా ఆ అంకెను నిర్ణయించుటకు తయారీదారులందఱును పాటించు ఉమ్మడి కొలత ఏదియు లేదు. కనుక ముక్కాలిని ఎంచువాడు అడుగవలసిన ప్రశ్న ‘ఎంత మోయును?’ అని కాదు, ‘ఎంత నిశ్చలముగా నిలుచును?’ అని.

వెంట్రుకవాసి కదలిక

నిశ్చలత ఎంత సూక్ష్మమైనదో చిన్న లెక్క తెలుపును. ఇరువది సెంటీమీటర్ల పొడవుగల కెమెరా–కటకముల జంటను తలంపుడు. దాని ముందుకొన 0.06 మిల్లీమీటరు, అనగా ఇంచుమించు ఒక వెంట్రుక మందము కదలినచో, చూపు ఒక కళ (డిగ్రీలో అఱువదవ వంతు) ప్రక్కకు తిరుగును. నాభ్యంతరము 200 మి.మీ. గల కటకముతో చిత్రము తీయుచున్నచో, ఆ ఒక్క కళ చిత్రఫలకముపై మరల 0.06 మిల్లీమీటరగును. నేటి కెమెరాలలో ఒక్కొక్క చిత్రకణము సుమారు 0.006 మిల్లీమీటరు ఉండును గాన, ఒక చుక్క పది కణముల మేర అలుకుకొని పోవును. వెంట్రుకవాసి కదలికకు ఫలితమిది!

పగటి వెలుతురులో కెమెరా కన్ను సెకనులో కొన్ని వందలవ వంతు మాత్రమే తెఱచియుండును గాన చేతి వణకు అంతగా పట్టుబడదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి మన దేశమంతట కనుపించిన సంపూర్ణ చంద్రగ్రహణము ఇందుకు మంచి నిదర్శనము. నిండు చంద్రుని చేతితోనే చిత్రించవచ్చును. సెకనులో రెండు వందల యేబదవ వంతు కాలము చాలును. కాని ఆ రాత్రి చంద్రబింబము పూర్తిగా నీడలో మునిగి, 82 నిమిషములపాటు రాగివన్నెగానుండెను. అట్టి మసకబింబమును పట్టుటకు ఒకటి రెండు సెకనులు కావలెను. ఏ మానవహస్తమును ఒక సెకను వెంట్రుకవాసి చలింపక నిలువలేదు.

ముక్కాలి నిలిచియుండగా భూమి నిలువదను మాటయును ఎఱుగవలెను. నక్షత్రములు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుచున్నట్లు కనుపించును; అనగా నాలుగు సెకనులకు ఒక కళ. 24 మి.మీ. కటకముతో 20 సెకనులు కన్ను తెఱచియుంచినచో, విషువద్వృత్తము దాపున నుండు తార ఐదు కళలు జరుగును. ఇది చంద్రబింబపు వెడల్పులో ఆఱవ వంతు. పూర్తి పరిమాణపు ఫలకముగల కెమెరాకు 500ను కటకపు నాభ్యంతరముచే భాగించి, వచ్చిన సెకనులను మించరాదని వాడుకసూత్రము. సూక్ష్మత కోరువారు అందులో సగమే తీసికొందురు. ఆకాశపు కదలికను మనము ఆపలేము గాని, దానికి ముక్కాలి వణకును జతపఱచకుండుట మన చేతిలోనే యున్నది. ధ్రువునిచుట్టు తారలు గీయు వలయములను చిత్రించునపుడైతే ముక్కాలి గంటలకొలది చెక్కుచెదరక నిలువవలెను. మన ప్రాంతమున ధ్రువతార ఉత్తర దిగంతమునకు పదునైదు, పదునెనిమిది డిగ్రీల ఎత్తుననే యుండును గాన, ఆ వలయముల అడుగున కొండనో గుడిగోపురమునో చేర్చుట సులభము.

పూర్వుల సాక్ష్యము

1850 జూలైలో హార్వర్డు వేధశాలలో అభిజిత్ నక్షత్రమును ఛాయాపటముగా తీసిరి. సూర్యుడు గాక వేఱొక తార ఛాయాపటమున చిక్కుట అదియే మొదలు. అందుకు వంద సెకనులు పట్టెను. మన హైదరాబాదులో 1901లో వెలసిన నిజామియా వేధశాల, లోకమున పలు వేధశాలలు కలిసి పూనుకొన్న ఆకాశపట నిర్మాణమున పాల్గొని, ఖగోళమున దక్షిణముగా 17 మొదలు 23 డిగ్రీల వఱకు గల పట్టీని ఛాయాఫలకములపై చిత్రించెను. వేధశాలలలో దూరదర్శిని నిలుచు స్తంభమును గది నేలతో సంబంధము లేకుండ పునాదినుండి వేఱుగా కట్టుదురు. మనుష్యుల అడుగుల అదరు దానికి సోకరాదని ఆ జాగ్రత్త. మనకు స్తంభములు లేవు. ముక్కాలియే మన వేధశాల.

భూదృశ్యమునకు సాక్ష్యము అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘హెర్నాండెజ్ గ్రామమున చంద్రోదయము’. 1941లో న్యూ మెక్సికోలో కారున పోవుచుండగా, అస్తమించు సూర్యుని తుదివెలుగు శ్మశానపు శిలువలపై పడుటయు, వాటిపై చంద్రుడు నిలుచుటయు ఆయన కంటబడెను. బరువైన పెద్ద కెమెరాను చకచక నిలిపెను. కాంతిమాపకము చేతికి దొరకలేదు. చంద్రబింబపు కాంతిప్రమాణము కంఠస్థమై యున్నందున దానినిబట్టి లెక్కించి, కన్ను ఒక సెకను తెఱచెను. రెండవ పటము తీయబోవునంతలో శిలువలపై వెలుగు మాసిపోయెను. ఆ ఒక్క సెకను కదలికలేక నిలిచినందుననే అది లోకప్రసిద్ధమయ్యెను. అందలి చంద్రుని స్థానమునుబట్టి తరువాతి ఖగోళ పరిశోధకులు అది తీసిన సమయము 1941 నవంబరు 1 సాయంకాలము 4 గంటల 49 నిమిషములని తేల్చిరి.

కాళ్ళు

ముక్కాలి కాళ్ళు ఒకదానిలో నొకటి దూరు గొట్టములు. వాని దృఢత్వము బరువునుబట్టి గాక వ్యాసమునుబట్టి పెరుగును. రేకుమందము మాఱకుండ వ్యాసము రెట్టింపయినచో గొట్టము వంగకుండు శక్తి ఎనిమిది రెట్లగును. ఈ లెక్కన పైగొట్టము 22 మి.మీ. ఉన్నదానికంటె 28 మి.మీ. ఉన్నది ఇంచుమించు రెండింతలు గట్టిది. అంగడిలో అడుగవలసిన మొదటి అంకె ఇదియే.

గొట్టపు మడతలు మూడున్న కాలు, ఐదున్న కాలికంటె మేలు. మడత పెరిగినకొలది అడుగు గొట్టము సన్నబడును, బిగింపుకీళ్ళును పెరుగును. ఐదు మడతలది సంచిలో ఇమిడిపోవును, నిజమే. కాని సంచిలోని సౌకర్యమునకు గాలిలో మూల్యము చెల్లింపవలసివచ్చును.

నడుమ పైకి లేచు నిలువుకడ్డీ మఱొక ఆకర్షణ. దానిని ఎత్తిన వెంటనే ముక్కాలిపై ఒంటికాలు మొలచినట్లగును. కనుక కడ్డీని ఎత్తకయే చాలినంత ఎత్తు రావలెను. ఐదున్నర అడుగుల మనిషికి కన్ను సుమారు 155 సెంటీమీటర్ల ఎత్తున నుండును. కెమెరాయు దాని క్రింది తలయు కలిసి ఇరువది సెంటీమీటర్లనుకొన్నచో, కాళ్ళు 135 సెంటీమీటర్లు చాలును. కొండవాలున క్రిందికాలు పొడవు కావలెను గాన మఱి పదునైదు కలుపుకొనుట మంచిది.

ఇక లోహమా, కార్బను ఫైబరా? కార్బను ఫైబరు తేలిక. వణకును త్వరగా అణచును. అఱకు లోయ చలిలో చేతికి మంచువలె తగులదు. వెల మాత్రము ఎక్కువ. అల్యూమినియము బరువు, చవుక. ఇచ్చట ఒక నిజము చెప్పవలెను: సన్నని కార్బను కాళ్ళకంటె లావాటి అల్యూమినియపు కాళ్ళు గట్టిగా నిలుచును. విద్యార్థికి ధనము కొఱతయైనచో, భుజబలముతో దానిని పూరించుకొనవచ్చును. మోయునది తానే కదా!

తలయు పాదములును

కెమెరాను పట్టు పైభాగమును తల యందురు. గుండువలె అన్నివైపుల తిరుగు తల పనికి చుఱుకు. ఒక్కొక్క దిక్కునకు ఒక్కొక్క పిడిగల తల నెమ్మది, అయినను కొలతకు నమ్మకమైనది. ఏదైనను రాత్రివేళ కెమెరా ఆకాశమువైపు మోరయెత్తి నిలుచును గాన, బిగించిన పిదప బరువుకు తలవాల్చరాదు. గట్టి కాళ్ళపై నాసిరకపు తల, రాతిపునాదిపై తాటాకు చూరువంటిది.

పాదములు నేలనుబట్టి యుండవలెను. కడప జిల్లాలో పెన్న ఎఱ్ఱరాతికొండలను కోసికొని పోవు గండికోట అంచున రబ్బరు పాదములు రాతిని గట్టిగా పట్టును. గడ్డినేలపై మొనదేలిన ఇనుపముల్లు మేలు. బాపట్ల చెంత సూర్యలంక ఇసుకపై కాళ్ళను ముందుగా లోనికి అదిమి, అవి ఇక దిగవని తెలిసిన పిదపనే చిత్రము తీయవలెను. ఉప్పునీరు సోకినచో ఇంటికి రాగానే మంచినీట కడిగి, కీళ్ళు విప్పి ఆరబెట్టవలెను. మాఱ్చదగిన పాదములుండుటయు, కీళ్ళు ఇంటివద్ద విప్పుటకు వీలుండుటయు ముక్కాలి ఆయువును పెంచును.

అంగడిలో పరీక్ష

కొనుటకు ముందు కాళ్ళను పూర్తిగా చాచి, నడిమికడ్డీని దించి, తలక్రింది పలకను రెండు చేతుల పట్టి మెల్లగా మెలిపెట్టి చూడుడు. మూడు కాళ్ళును ఏకదేహమువలె ఎదిరించినచో సరి; నువ్వులగానుగవలె తిరిగినచో దానిని విడువుడు. పిదప కెమెరాను బిగించి, తెరపై దూరపు దీపమును పెద్దదిగా చేసి, ఒక కాలిని వ్రేలితో తట్టుడు. దీపము ఎన్ని సెకనులకు కుదుటబడునో లెక్కింపుడు. రెండు ముక్కాళ్ళను ప్రక్కప్రక్కన ఇట్లు పరీక్షించినచో, పెట్టెపై అంకె చెప్పని రహస్యము బయటపడును. చీకటిలో కన్ను చేయలేని పని వ్రేళ్ళు చేయవలెను గాన, కన్నులు మూసికొని కీళ్ళను విప్పి బిగించి చూచుటయు మంచిది.

మంచి ముక్కాలియు సరిగా వాడనిచో వృథా. లావుపాటి గొట్టములను ముందు చాచి, సన్ననివానిని అక్కఱయైనప్పుడే చాపవలెను. ఒక కాలు కటకము చూచు దిక్కున ఉండవలెను. కెమెరా బరువు మూడు పాదముల త్రికోణము నడుమ దిగవలెను. గాలి వీచునప్పుడు సంచిని నడుమ వ్రేలాడదీయవచ్చును; అది లోలకమువలె ఊగకుండ అడుగు నేలకు తాకవలెను. కెమెరా మెడపట్టెడను విప్పివేయవలెను. గాలికి అదియే తెరచాప యగును. మీట నొక్కిన చేతి అదరు అణగుటకు పది సెకనుల ఆలస్యపు అమరికను వాడవలెను. వణకును దిద్దుటకు కటకములోనున్న యంత్రమును ముక్కాలిపై ఆపివేయుట మేలు. కొన్ని కటకములలో అది లేని వణకును వెదకి తానే వణకును.

మన ప్రాంతమున పాలపుంత నడిబొడ్డు ధనూరాశి దిక్కున ఫిబ్రవరి చివర వేకువను కనుపించనారంభించి, అక్టోబరు నాటికి సందెచీకటిలోనే పడమట వాలిపోవును. జూను మొదలు సెప్టెంబరు వఱకు మబ్బులు దానిని తఱచుగా కప్పివేయును. కావున ఏటికి మనకు దక్కునవి మార్చి మొదలు మే వఱకు గల అమావాస్యల దాపు రాత్రులు కొన్ని మాత్రమే. ఆ కొద్ది రాత్రులలో దూరప్రయాణము చేసి, నిద్రమాని నిలిచిన విద్యార్థి, మఱునాడు తెరపై చుక్కలన్నియు జంటలై కనుపించగా పొందు నిరాశ చిన్నది కాదు. నాసి కీలు జారి కెమెరాయే నేలపాలైనచో ఆ నష్టము ఇంటిల్లిపాదిది.

కెమెరాలు ఐదాఱేండ్లకు పాతబడుచున్నవి. వాని ఫలకములు మాఱును, యంత్రములు మాఱును, ధరలు పడిపోవును. గట్టి ముక్కాలి మాత్రము పాతబడదు. దానిపైకెక్కు కెమెరాలే ఒకటి తరువాత ఒకటి మాఱును. లోకమంతట కెమెరా అడుగు మరకు పావంగుళపు కొలతయే వాడుకలో నుండుటచే, నేటి ముక్కాలి రేపటి కెమెరాకును ఒదుగును. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క నాసిరకపుదానిని కొనుటకంటె, పాఠశాల ఒక్క గట్టి ముక్కాలిని కొని భూగోళ, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల చేతికప్పగించుట మేలు. ఈ యేటి పిల్లలు దానిపై గ్రహణమును చిత్రింతురు. వచ్చు ఏటివారు ధ్రువవలయములను చిత్రింతురు. వారందఱి చేతులును మాఱుచుండగా, ఆ మూడు కాళ్ళు మాత్రము నిలిచియుండును.