ఆడపిల్లకే రక్తం ఎందుకు తక్కువ?



రక్తం ఎర్రగా ఉండటానికి కారణం హిమోగ్లోబిన్ అని సైన్సు పాఠంలో చదువుకున్నాం. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ని ఒళ్లంతా మోసుకుపోయేది ఇదే. ఇది తయారు కావాలంటే ఇనుము కావాలి. మన వయసు ఆడపిల్లలకు 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇది 12 గ్రాములు ఉండాలి. తగ్గితే రక్తహీనత అంటారు. 8 కంటే తగ్గితే ప్రమాదం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. అదే వయసు మగపిల్లల్లో 31 మందికే. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే కుండలో అన్నం తినేవాళ్లకి ఇంత తేడా ఎందుకు? నెలనెలా బహిష్టులో రక్తం పోతది, అది నిజమే. అందరూ అంతవరకే చెప్పి ఊరుకుంటారు. పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే తిండి ఉండాలి కదా!

మా పెద్దమ్మ వాళ్లు తండా విడిచి పిడుగురాళ్ల పోయారు. అక్కడ సున్నపు బట్టీల్లో పని దొరుకుతది. పేటలో ఒక్క గది అద్దెకు తీసుకున్నారు. ఆ ఇంట్లో అన్నం వండినాక ముందు పెదనాన్నకి, తర్వాత అన్నకి పెడతారు. గుడ్డు ఒకటే ఉంటే అన్నకే. అడిగితే, బట్టీ పని కష్టం గదా అంటారు. పెద్దమ్మ కూడా బట్టీకి పోతది, రాయి మోస్తది. ఆమె కష్టం ఎవరి లెక్కలోకీ రాదు, కూలి కూడా మగవాళ్లకంటే తక్కువే ఇస్తారు. పెద్దమ్మ, అక్క చివర్లో కూర్చుని అడుగున మిగిలింది పచ్చడితో తింటారు. తండాలో ఉన్నప్పుడు కూడా చివరే తినేవాళ్లు. కాకపోతే చేను గట్టు మీద గంగవాయిలి కూరో పొన్నగంటి కూరో ఊరికే దొరికేది. టౌన్లో ఆకుకూర కట్ట కూడా కొనాలి.

ఇంకొకటి ఉంది. ఆ పేటలో చాలా ఇళ్లకి మరుగుదొడ్లు లేవు. ఆడవాళ్లు తెల్లవారకముందో చీకటి పడ్డాకో బయటికి పోవాలి. పగలు పోలేరు కాబట్టి మంచినీళ్లు తాగరు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం వస్తాయి. చెప్పుల్లేకుండా ఆ నేల మీద నడిస్తే కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచి లోపలికి పోతాయి. అవి పేగుల్లో చేరి రక్తం తాగి బతుకుతాయి. అసలే తక్కువ తినే పిల్లకి ఉన్న రక్తం కూడా ఇట్లా పోతది.

మా అక్క పచ్చిబియ్యం, బలపాలు తింటది. (మన హాస్టల్లో కూడా బలపాలు తినేవాళ్లు ఉన్నారు, పేర్లు రాయను.) అది చెడ్డ అలవాటని కొడతారు. కాని రక్తం తక్కువైనవాళ్లకి అట్లా తినాలనిపిస్తదని నర్సమ్మ చెప్పింది. మెట్లు ఎక్కితే ఆయాసం, కళ్లు తిరగటం, చదివింది గుర్తుండకపోవటం కూడా దీని గుర్తులే. అక్కకి తలకెక్కట్లేదని బడి మాన్పించారు. ఇప్పుడు పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు. ఎట్లా సర్దుకుంటాయి? రక్తం లేని పిల్ల కాన్పులో మామూలుగా పోయే రక్తాన్ని కూడా తట్టుకోలేదు. పుట్టే బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టొచ్చు. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం ఉంది. అయినా అదే సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 లోపే పెళ్లయిందని తేలింది. ఇట్లాంటి పెళ్లి జరుగుతుంటే 1098కి ఫోన్ చేయొచ్చు. డబ్బులు పడవు.

వారానికి ఒకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మన కిటికీ కింద ఆ నీలం మాత్రలు చాలాసార్లు కనపడ్డాయి. వికారం వస్తదని పారేస్తున్నారు. ఖాళీ కడుపుతో కాకుండా అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతది. మలం నల్లగా వస్తది, భయపడొద్దు. మాత్ర వేసుకున్నాక గంట, రెండు గంటల దాకా టీ తాగకూడదు, టీ ఇనుముని ఒంటికి పట్టనియ్యదు. నిమ్మకాయ, ఉసిరికాయ తింటే బాగా పడతది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆ కొంకిపురుగు కోసమే, అది కూడా మింగాలి.

బడి మానేసిన పిల్లలకి కూడా ఈ నీలం మాత్ర అంగన్‌వాడీలో ఇవ్వాలి. ఈ సంగతి మా పెద్దమ్మకి తెలవదు, ఆ పేటలో ఎవరికీ తెలవదు. సంక్రాంతి సెలవులకి పిడుగురాళ్ల పోయినప్పుడు అక్కని ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకపోయి రక్తం పరీక్ష చేయించాలి. వేలి మీద సూది గుచ్చి ఒక్క చుక్క తీస్తారు, అంతే. ఆ అంకె కాగితం మీద రాయించుకుని పెదనాన్నకి చూపిస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని