పండ్ల యీగ నెత్తురు చెప్పు పాఠము

మాగిన అరటిపండ్లపై ముసరు చిన్న యీగలను మన వెంబకోట్టైలో చూడనివారుండరు. దాదాపు 3 మిల్లీమీటర్ల పొడవు గల ఆ ప్రాణి నుండి మనుష్యుల రక్తమునకు సంబంధించిన సంగతులను సైతము శాస్త్రజ్ఞులు గ్రహించిరి. వానిలో కొన్నింటిని తల్లిదండ్రులకు సులభముగా విన్నవింపదలచితిమి.

ఈగ నెత్తురు ఎఱ్ఱగా నుండదు. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱకణములు దానికి లేవు. గాలి సన్నని గొట్టముల గుండ నేరుగా అవయవములకు చేరును. ఉన్న కణములు మూడు తెగలు. మొదటి తెగవి సూక్ష్మజీవులను మ్రింగును. నూటికి సుమారు 95 ఇవియే. రెండవ తెగవి గాయము మానుటకు తోడ్పడును. ఒక జాతి చిన్న కందిరీగ ఈగ డింభకములో గ్రుడ్డు పెట్టినపుడు మూడవ తెగవి విరివిగా పుట్టి, ఆ గ్రుడ్డును చుట్టి బంధించును.

ఈ మూడు తెగలును ఒకే విధమగు మూలకణముల నుండి ఏర్పడగలవు. ఏది ఎప్పుడు ఏ తెగగా మారవలెనో చెప్పునదెవరు? పొరుగు కణములే. ఒక కణము ఒక ప్రోటీనును వెలువరింపగా, మరియొకటి తన పైపొర యందలి గ్రాహకముతో దానిని అందుకొనును. ఆ వార్త లోపలి జన్యువులకు చేరును. దీనినే కణసంకేతమందురు. డింభకపు శోషరసగ్రంథి చివరనున్న చిన్న కణసమూహము ‘హెడ్జ్‌హాగ్’ అను ప్రోటీనును పంపి, మూలకణములను మారనీయక నిలిపియుంచునని 2007లో లోలిటికా మండల్, ఉత్పల్ బెనర్జీ మొదలగువారు ప్రకటించిరి. ‘నాచ్’ అను సంకేతము అందిన కణములు రెండవ తెగగా మారును.

వాసనయు ఇందు పాల్గొనును. కందిరీగ వాసన నడుమ పెరిగిన డింభకములు, ఆ శత్రువు సోకినపుడు మూడవ తెగ కణములను మరింత హెచ్చుగా పుట్టించునని 2020లో బెంగుళూరు ఇన్‌స్టెమ్ సంస్థ పరిశోధకులు తెలిపిరి.

సంకేతము ఆగవలసినచోట ఆగకున్న కీడు కలుగును. ‘జాక్’ అను ప్రోటీను ఎడతెగక పనిచేసినచో ఈగలో రక్తకణములు మితిమీరునని 1995లో తేలెను. మనుష్యులలో ‘జాక్-2’ జన్యువు నందలి మార్పు వలన ఎఱ్ఱకణములు మితిమీరి, నెత్తురు చిక్కబడు జబ్బు కలుగునని 2005లో వెల్లడియయ్యెను. ఆ ప్రోటీనును అణచు రుక్సోలిటినిబ్ అను మందునకు 2014లో అమెరికాలో ఈ జబ్బు చికిత్సకు అనుమతి లభించెను.

కాబట్టి ఈగపై పరిశోధన యేల యని బిడ్డ అడిగినచో నవ్వి త్రోసివేయరాదు. ఈగ సుమారు 10 దినములలో గ్రుడ్డు నుండి పెరిగి పెద్దదగును. తరతరముల మార్పులను అందు త్వరగా చూడవచ్చును. బడిలో తమిళముననో ఆంగ్లముననో నేర్చిన ఈ పాఠమును, ఇంట ‘కణములు తమలో తాము మాటలాడుకొనుట’ యని తెలుగున చెప్పుకొనగల బిడ్డకు శాస్త్రము పరాయిది కాదు. ఆ మాట అందించుట మన చేతిలోని పని.