సూచనల పుస్తకమునుండి యంత్ర రూపకల్పనకు

క్రొత్త యంత్రము ఇంటికి వచ్చినప్పుడు దానితోపాటు ఒక చిన్న పుస్తకము కూడ వచ్చును. ఏ మీట నొక్కిన ఏమి జరుగునో అందు వ్రాసియుండును. ఇట్టి పుస్తకములు వ్రాయుట ఒక వృత్తి. దీనిని సాంకేతిక రచన అందురు. ఈ వృత్తిలోనివారు కొందరు కాలక్రమమున ఇంటరాక్షన్ డిజైన్ అను మరియొక వృత్తిలోనికి మారుచుందురు. మనిషి ఏమి చేసినప్పుడు యంత్రము ఎట్లు బదులు పలుకవలెనో ముందుగా యోచించి తీర్చుటయే ఈ వృత్తి. 1980ల నడుమ బిల్ మాగ్రిడ్జ్, బిల్ వెర్‌ప్లాంక్ అనువారు దీనికి ఈ పేరు పెట్టిరి. వ్రాతకును రూపకల్పనకును సంబంధమేమి?

నాలుగు బర్నర్లు చదరముగాను, నాలుగు నాబులు ముందువైపున ఒకే వరుసగాను ఉన్న గ్యాస్ స్టవ్ నొకదానిని తలంచుకొనుడు. ఏ నాబు ఏ బర్నరుదో చూచినంతనే తెలియదు. వాటిని జతపరచుటకు 4 × 3 × 2 × 1 = 24 విధములు కలవు. అందు సరియైనది ఒక్కటే. పుస్తకము వ్రాయువాడు, "ఎడమనుండి మొదటి నాబు వెనుకనున్న ఎడమ బర్నరుకు, రెండవది ముందున్న ఎడమ బర్నరుకు" అని నాలుగింటికిని వ్రాయవలెను. వంట చేయువారు దానిని కంఠస్థము చేయవలెను. పొంగుచున్న పాలక్రింద మంట తగ్గింపబోయి పప్పుక్రింద తగ్గించినచో, తమకే మతి లేదనుకొందురు.

కాని లోపము వారి మతిలో లేదు. నాబుల అమరికలో కలదు. 1959లో ఛపానిస్, లిండెన్‌బామ్ అను అమెరికా పరిశోధకులు ఇట్టి నాలుగు అమరికలను పరీక్షించిరి. వెనుక బర్నర్లను కొంచెము ప్రక్కకు జరిపి, బర్నర్లును నాబులును ఎడమనుండి కుడికి ఒకే క్రమములో వచ్చునట్లు చేసిన అమరికలో ఒక్క తప్పును జరుగలేదు. అట్టి స్టవ్‌కు ఆ నాలుగు వాక్యములతో పనియే లేదు.

దీనినిబట్టి, ఎంత నేర్పుతో వ్రాసినను ఒక సూచన పొడుగగుచున్నచో, పలుమారు లోపము భాషది కాదు, యంత్రముది అని తెలియుచున్నది. దీనిని ముందుగా గుర్తించుటకు రచయితకు మంచి అవకాశము కలదు. యంత్రమును నిర్మించిన ఇంజనీరుకు అది అలవాటైపోయి సులభముగా తోచును. రచయిత మాత్రము, దానిని కొన్నవానివలెనే, మొదటినుండి నేర్చుకొనవలెను.

జెఫ్ రాస్కిన్ (1943–2005) జీవితము ఇందుకు మంచి నిదర్శనము. ఆయన 1978లో ఆపిల్ కంపెనీలో ప్రచురణల శాఖకు అధిపతిగా చేరెను. ఆపిల్ 2 కంప్యూటరుపై బేసిక్ భాష నేర్పు పుస్తకము ఆయన వ్రాసినదే. మూత తీసి లోపలి భాగములను తాకనక్కరలేని, సామాన్యులు వాడుకొనదగిన కంప్యూటరు కావలెనని 1979లో ప్రతిపాదించి, దానికి ఒక రకపు ఆపిల్ పండు పేరున మెకింటాష్ అని పేరుపెట్టెను. ఆయన 1982లో కంపెనీ విడిచెను. 1984లో వెలువడిన మెకింటాష్ అనేకుల కృషి ఫలము. ఆయన తలచిన రూపమునకు చాలవరకు భిన్నమైనది. కాని పనికి నాంది పలికినది పుస్తకములు వ్రాయువాడే.

ఐ.బి.ఎమ్. పరిశోధనాలయములో జాన్ కారల్ మొదలగువారు 1980లలో మరియొక సంగతి కనుగొనిరి. నేర్చుకొనువారు పుస్తకమును వరుసగా చదువరు. నేరుగా పనికి దిగుదురు. అందుచే వారు పుస్తకమును బాగుగా కుదించిరి. అంతటితో ఆగక, క్రొత్తవారిని చిక్కులలో పడవేయు ఆదేశములు పనిచేయకుండ యంత్రమునే మార్చి చూచిరి. తప్పులలో చిక్కుకొను కాలము తగ్గి, అభ్యాసకులు త్వరగా నేర్చుకొనిరి.

ఈ మార్గమున వెళ్లదలచిన రచయితకు సగము సామగ్రి చేతిలోనే ఉండును. పనిని మెట్లుగా విడదీయుట, తెలియనివాని స్థానమున నిలిచి చూచుట, తగిన మాట ఎన్నుకొనుట ఆయనకు వచ్చును. ఫోను తెరపై "తప్పు" అని ఊరకుండుటకంటె "నంబరులో పది అంకెలుండవలెను, తొమ్మిదే ఉన్నవి" అని చెప్పుట మేలని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. నేర్వవలసినవి కూడ కలవు. కాగితముపై చిత్తు నమూనాలు గీయవలెను. ఇతరులు వాటిని వాడి చూచునప్పుడు నడుమ అందింపక మౌనముగా గమనింపవలెను. తన ఊహ తప్పైనచో దానిని విడువవలెను. జ్ఞాపకమును, దృష్టిని గూర్చి మనశ్శాస్త్రము చెప్పునది కొంత చదువవలెను.

సూచనలన్నియు అంతరించునని కాదు. మందు వాడుటకు, విమానము నడుపుటకు వ్రాతపూర్వకమైన సూచనలు ఎప్పుడును కావలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. సూక్ష్మదర్శినిని వాడు విధమును ఒక విద్యార్థిచే వ్రాయించి, దానిని ఎన్నడును వాడని మరియొకనికి ఇయ్యవలెను. అతడు ఎక్కడ ఆగిపోవునో వ్రాసినవాడు నోరు మెదపక చూడవలెను. పిమ్మట అచట మార్చవలసినది వాక్యమా, పరికరమా అని తరగతి యంతయు చర్చింపవలెను. ఆగిపోయిన విద్యార్థిని మందమతి యనుట మాత్రము సరియైన సమాధానము కాదు.